అభ్యంతరం ఉన్నవారు

రాయపురం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో
తాళం వేసిన అద్దాల పెట్టె లోపల
పాత ఫ్యాన్ల వేలం ప్రకటనకీ
ఎవరిదో పోయిన దస్తావేజుకీ మధ్య
మమ్మల్ని అంటించారు.
ధనకోటి, నలభై ఒకటి, అవివాహిత.
ఇరుదయరాజ్, నలభై ఆరు, విధురుడు.
అభ్యంతరం ఉన్నవారు ముప్పై రోజుల్లోగా తెలుపవలెను.

నా ఇంటిపేరు ఏ గడిలోనూ పట్టలేదు.
"ఇనిషియల్ చాలమ్మా" అన్నాడు దస్తావేజులు రాసే ముసలాయన.
మూడు తరాల కిందట నెల్లూరు నుంచి
మూటలో కట్టుకొచ్చిన పేరు
ఒక్క అక్షరమై, పక్కన చుక్క పెట్టించుకుని కూచుంది.

తేదీ కూడా ఆయనే తేల్చాడు.
"బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర రాహుకాలం.
ఇల్లు కొనేవాడు రాడు, స్థలం అమ్మేవాడు రాడు.
క్యూ ఉండదు. ఫ్యాను కింద కుర్చీ దొరుకుతుంది."
మా ముహూర్తం అలా కుదిరింది.

సాక్షులు ముగ్గురు కావాలి.
మా కళ్ళద్దాల దుకాణం ఓనరు హనీఫ్ భాయ్,
కాశిమేడు ఐసు ఫ్యాక్టరీలో ఇరుదయంతో రాత్రి డ్యూటీ చేసే దైవసహాయం,
మా కన్నియమ్మ పిన్ని.
"మనవాళ్ళకి తెలిస్తే?" అని మూడుసార్లు అడిగి
నాలుగోసారి "ఏ చీర కట్టుకోను?" అంది పిన్ని.
రోస్లిన్ కూడా సాక్షి అవుతానంది.
దానికి పదకొండేళ్ళు. చట్టం ఒప్పుకోదన్నాం.
"అన్నీ చూసింది నేనే కదా" అంది.

నిజమే.
అక్షరాల పలక మీద కింది వరుస కనబడక
కళ్ళు చికిలించిన పిల్ల,
వెనకాల ఐసూ చేపలూ కలిసిన వాసన చొక్కాతో
తనే పరీక్ష రాస్తున్నట్టు పెదాలు కదిపిన తండ్రి.
ఆ రోజు ఇద్దరికీ అద్దాలు రాశాను.

అక్కడ చెప్పాల్సిన మాట ఒకటుంది,
ఏ భాషలో చెప్పినా చెల్లుతుందట.
ఇరుదయం తెలుగులో చెబుతానన్నాడు.
ఐసు రసీదు వెనక తమిళ లిపిలో రాసిచ్చాను:
నిన్ను చట్టప్రకారం నా భార్యగా స్వీకరిస్తున్నాను.
చట్టం అన్నది మా వీధిలోకి
ఎప్పుడూ లాఠీతోనే వచ్చేది.
అతని నోట్లో అది "సట్టం" అయి
కాస్త మెత్తబడింది.

తొమ్మిదో రోజు సాయంత్రం
రోస్లిన్ నా చేతిలో ఓ కవరు పెట్టింది.
పైన, రిజిస్ట్రార్ గారికి.
లోపల అరవంలో, స్కేలుతో మార్జిన్ కొట్టి:
అయ్యా, నాకు అభ్యంతరం ఉంది.
అమ్మ ఫోటో టీవీ పక్కనే ఉండాలి.
ఈమె నన్ను చూడగానే, అడక్కుండా,
నా కళ్ళజోడు లాక్కుని చున్నీతో తుడుస్తుంది.
ఈమెను ఏమని పిలవాలో నాకెవరూ చెప్పలేదు.
అది తేలేవరకు పెళ్ళి ఆపవలెను.

అభ్యంతరం వస్తే అధికారి విచారించాలని రూలు.
అధికారిని నేనే అయ్యాను.
మెట్ల మీద కూచున్నాం, మధ్యలో వేరుశనగల పొట్లం.
ఫోటో సంగతి నిమిషంలో తేలింది.
పిలుపు దగ్గరే రాత్రయింది.
అమ్మ అన్నది ఒకరికే, అంది. సరే అన్నాను.
ఆంటీ అంటే పక్కింటామె.
అక్కలు బడిలో చాలామంది ఉన్నారు.
పొట్లం అడుగున ఉప్పు మాత్రం మిగిలాక
"ధనకోటి" అంది, హాజరు పిలిచినట్టు.
దుకాణంలో ధనం, ఇరుదయానికి ఇందా.
మా అమ్మ పోయాక
ఆ నాలుగక్షరాలూ ఎవరూ పూర్తిగా పలకలేదు.
"ప్రెజెంట్" అన్నాను.

రేపే బుధవారం.
ఆధార్ కాపీలు మూడేసి. రెండు దండలు.
ఒకటిన్నరకి ఎనిమిది మందికి బిర్యానీ,
హనీఫ్ భాయ్ చెప్పేశాడు, డబ్బులడిగితే కొట్టేలా ఉన్నాడు.
పిన్ని చీర ఇస్త్రీ నుంచి ఇంకా రాలేదు.
నోటీసు కాగితం ఒక మూల ఊడి
ఫ్యాను గాలికి కొట్టుకుంటోంది.
అభ్యంతరాలేవీ రాలేదని గుమాస్తా రాసుకున్నాడు.
ఒకటింకా విచారణలో ఉందని అతనికి తెలీదు.

ఇందాకే అడిగాను, కళ్ళజోడు తుడవనా?
"ఆలోచించి చెప్తా" అంది.
ఇంకా ఆలోచిస్తోంది,
ఎడమ అద్దం మీద
బొటనవేలి ముద్రతో.